తెగులు దాచని రాదోయ్కా

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు కదా. మా ఊళ్ళో ఆ ఉలిపికట్టె పేరు రాదోయ్కా. ఆమె అంట్లు కట్టే బల్ల దగ్గర ఇరవై శీతాకాలాలు కూర్చున్నాను కాబట్టి ఆమె గురించి మాట్లాడే హక్కు నాకుంది. దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని ఆమెని ఆడిపోసుకునే మగాళ్ళకి లేదు. వాళ్ళు చెప్పేదాంట్లో సగం కడుపుమంట, మిగతా సగం రాకియా సారా.

మొరావా నది ఒడ్డున మా ఊరికి ద్రాక్ష అంట్లే బతుకు. ఫిబ్రవరి వచ్చిందంటే ప్రతి ఇంట్లో వంటగది కార్ఖానా అయిపోతుంది. మొండి వేరున్న అడవి ద్రాక్ష పుల్ల కింద, మంచి కాయ కాసే రకం పుల్ల పైన పెట్టి అతుకుతాం. అతుకుని మైనంలో ముంచి, రంపపు పొట్టు నింపిన పెట్టెల్లో వెచ్చగా పడుకోబెడతాం. ఎండలు ముదిరేలోగా పొలంలో నాటి, ఆకు రాలాక తవ్వి, కట్టలు కట్టి అమ్ముతాం. ప్రతి కట్టకీ ఒక చీటీ ఉండాలి. దాని మీద నర్సరీ లైసెన్సు నంబరూ, రకం పేరూ, పుల్లలు కోసిన తల్లితోటని సర్కారు తనిఖీ చేసిందన్న ముద్రా ఉండాలి. చీటీ లేని కట్ట చట్టం లెక్కలో వంటచెరుకు.

అంట్లు ఊరంతా కట్టేది, లైసెన్సు మాత్రం కొన్ని ఇళ్ళకే ఉండేది. మరి మిగతావాళ్ళు ఎలా అమ్మేవాళ్ళంటే, అరువు చీటీల మీద. బావమరిది చీటీ, పినతండ్రి చీటీ, అన్నిటికన్నా ఎక్కువగా కుమ్ చీటీ. కుమ్ సంగతి చెప్పేదేముంది. పెళ్ళిలో పక్కన నిలబడేవాడు, పిల్లలకి బాప్తిస్మంలో పేరు పెట్టేవాడు. ఆ వరస ఆడమనిషైతే కుమా అంటాం. ఆ చుట్టరికం తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. తోడబుట్టినవాడి మీద కోర్టుకెక్కినా ఊరు ఊరుకుంటుంది గానీ, కుమ్ మాట కాదంటే మాత్రం ఊరుకోదు.

రాదోయ్కా పుట్టింది కొండ మీది ఊళ్ళో. అక్కడ గొర్రెలు తప్ప ద్రాక్ష లేదు. ఒబ్రాద్‌ని చేసుకుని వచ్చిన ఏడాదే అత్తగారికన్నా వేగంగా అంట్లు కట్టడం మొదలుపెట్టింది. అత్తగారికి అది నచ్చలేదు. నచ్చలేదని ఈవిడ చెయ్యి నెమ్మదించనూ లేదు. ఒబ్రాద్ మెత్తని మనిషి, పిల్లలు బడికి వెళ్ళే వయసులోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

వాళ్ళ తోట పక్కనే మిలిసావ్ తోట. మిలిసావ్ తండ్రి చెదోమిర్ రాదోయ్కా పెళ్ళిలో కుమ్‌గా నిలబడ్డాడు. ఆయన తరవాత మిలిసావ్ ఆమె పిల్లలిద్దరికీ పేర్లు పెట్టాడు. ఒబ్రాద్ పోయిన ఏడు ఆమె తోట దున్నింది మిలిసావే, మందు కొట్టింది మిలిసావే. అడగడు, చెప్పడు. ట్రాక్టరు తెచ్చి, పని చేసి, వెళ్ళిపోతాడు. మంచి మనిషి. మంచి మనుషులతోనే మా ఊళ్ళో చిక్కు.

సహకార సంఘం నడిచినన్నాళ్ళూ లైసెన్సు బాధ దానిది. సంఘం మూతపడ్డాక ఎవరి నర్సరీ లైసెన్సు వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. ఆడవాళ్ళెవరూ కదల్లేదు. రాదోయ్కా పట్నం వెళ్ళింది. గుమస్తా కాగితాలు తిరగేసి, నర్సరీ యజమాని రావాలమ్మా అన్నాడు. వచ్చింది అంది ఈవిడ. ఇంటిపెద్దని తీసుకురండి అన్నాడు. "ఇంటిపెద్దకి కాళ్ళు పీకుతున్నాయి, ఓ కుర్చీ వేయించండి" అంది. కుర్చీ వేయించాడు గానీ లైసెన్సు ఇవ్వలేదు. చీడపీడల పరీక్ష రాసి నెగ్గినవాళ్ళకే ఇస్తాం అన్నాడు.

పరీక్షకి మిలిసావే లారీలో తీసుకెళ్ళాడు. ఆమె తప్పింది. తప్పడం న్యాయమే. పురుగుల పేర్లు అడిగితే ముసలమ్మ, నల్లకోటు, పన్నులవాడు అని మా ఊరి పేర్లు చెప్పింది. మందు కొట్టాక ఎంతసేపు తోటలో అడుగుపెట్టకూడదో చెప్పలేకపోయింది. మాలో ఎవరు మాత్రం చెప్పగలరు, కొట్టిన సాయంత్రమే వెళ్ళి కలుపు తీసేవాళ్ళం. ఆ చలికాలమంతా పుస్తకం పిండి డబ్బాకి ఆనించి పెట్టుకుని, అంట్లు కడుతూ మా చేత అప్పజెప్పించుకుంది. ద్రాక్షకి పట్టే రోగాలన్నీ నాకు ఇప్పటికీ ప్రార్థనలాగా నోటికి వచ్చు. మళ్ళీ మిలిసావే లారీ ఎక్కించాడు. ఈసారి నెగ్గింది. తిరిగొచ్చేటప్పుడు ఊరి మొదట్నుంచీ హారను మోగిస్తూనే ఉన్నాడు. ఆమె కన్నా అతనికే ఎక్కువ సంతోషం.

లైసెన్సు వచ్చిన కొత్తలో ఆమె కూడా చీటీలు అరువిచ్చింది. మానేసింది ఎప్పుడంటే, తిమోక్ లోయ వైపు నుంచి ఒక రైతు వచ్చిన రోజున. బస్సు దిగి, చంకలో ఎండిపోయిన ద్రాక్ష మొదలు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మా ఊరి అంట్లే నాటాడట, మూడో ఏట తోటంతా పసుపెక్కి చచ్చిందట. చీటీ చూపించాడు. చీటీ మీద నంబరు ఉన్న ఇంటాయన ఆ అంట్లు నావి కావు, తోడల్లుడివి అన్నాడు. తోడల్లుడు నావీ కావు, మా కుమ్‌వి అన్నాడు. ఆ కుమ్ ఊళ్ళో లేడు. చివరికి ఆ రైతు రాదోయ్కా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె తప్పేమీ లేదు, అయినా ఎక్కడో ఒకచోట దించాలి కదా, ఆ మొదలుని మా అంట్ల మధ్య పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆమె చీటీ ఆమె అంట్లకే. ఊరంతా మూతి విరిచింది. మిలిసావ్‌కి సొంత లైసెన్సు ఉంది కాబట్టి అతనితో పేచీ రాలేదు. పేచీ తేనెటీగలతో వచ్చింది.

తిమోక్ రైతు తోటని చంపిన రోగాన్ని బంగారు తెగులు అంటారు. ఆ పేరు పెట్టినవాడికి బుద్ధి లేదు. ఆకు పసుపెక్కి కిందికి ముడుచుకుంటుంది, కొమ్మ ముదరక రబ్బరు గొట్టంలా వేలాడుతుంది, గుత్తి ఎండిపోతుంది. మందు లేదు. అంటు కడితే తల్లి రోగం పిల్లకీ వస్తుంది. ఒక తీగ నుంచి ఇంకో తీగకి ఆకుదోమ మోస్తుంది. అందుకని నర్సరీ వాళ్ళు సర్కారు చెప్పిన రోజుల్లో దోమ మందు కొట్టి తీరాలని చట్టం. మిలిసావ్‌కి తోట చివర తేనె పెట్టెలున్నాయి. ఆ ఏడు మొదటి మందుకే ఈగలు కుప్పలు కుప్పలుగా చచ్చాయి. రెండోసారి కొట్టనన్నాడు. "నా ఈగలకి లైసెన్సు లేదని చావమంటారా?" అని దుకాణం ముందు అడిగాడు. అందరూ నవ్వారు. నాకూ అతనిది న్యాయమే అనిపించింది. ఆకుదోమకి మాత్రం న్యాయం, అన్యాయం తెలియదు, గట్టు కూడా తెలియదు.

సెప్టెంబరులో రాదోయ్కా తోటలో, మిలిసావ్ గట్టు వైపు, ఆకులు పసుపెక్కాయి. ఆమె తీగతీగకీ తిరిగి, అనుమానం ఉన్న ప్రతి మొదలుకీ ఎర్ర ఉన్నిదారం కట్టింది. తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చే వారం అది. వస్తే చూపిద్దామని. గట్టుకి అవతల మిలిసావ్ తోట ఇంకా పచ్చగా, అంటే పసుపుపచ్చగా ఉంది. అదేం రోగం కాదు, వానలు లేక అలా అయింది అంటాడతను.

ఇప్పుడు మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా సరే. తనిఖీకి ముందు ఆకు కోత. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ఇరుగుపొరుగు ఒకరి తోటలోకి ఒకరు వెళ్ళి, ముడుచుకున్న ఆకులూ వేలాడే కొమ్మలూ కోసేసి గొర్రెలకి వేస్తారు. తరవాత మిరపకాయలు కాల్చుకుని, తలో గుక్క తాగి ఇళ్ళకి పోతారు. మోసం చేస్తున్నామని ఎవరూ అనుకోరు. పెళ్ళిచూపులకి ముందు పిల్లకి జడ వేసినట్టే అనుకుంటారు. రోగం ఆకులో ఉంది, ఆకు తీసేస్తే సగం పోయినట్టే అని మా నాన్న కూడా నమ్మేవాడు.

తనిఖీ రోజు తెల్లవారుజామున మిలిసావూ, అతని పెళ్ళాం సావ్కా బుట్టలతో రాదోయ్కా తోటలోకి దిగారు. అడగలేదు, చెప్పలేదు. దారం కట్టిన ప్రతి తీగకీ ఆకు కోశారు, కొమ్మ కోశారు, పాపం వెతుక్కునే శ్రమ కూడా లేదు, ఆమె గుర్తులు పెట్టే ఉంచింది కదా. కుమా ఒంటరిది, ఇంత తోట ఎప్పటికి కోసుకుంటుందని వాళ్ళ జాలి. ఆ దారాలన్నీ విప్పి, ఉన్ని వృథా కాకూడదని ఉండ చుట్టి, ఆమె గేటుకి తగిలించి వెళ్ళారు.

ఆమె పొద్దున్నే గేటు తీస్తూ ఆ ఉండ చూసింది. అప్పటికే ఇన్‌స్పెక్టరు కారు వీధి మలుపు తిరిగింది. నేను నిప్పు కోసం వాళ్ళింటికి వచ్చి అక్కడే ఉన్నాను. ఆమె ముఖం చూసి ఎవరో పోయారేమో అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు పేరు తిహోమిర్. చెడ్డవాడు కాదు. చాలా ఊళ్ళు ఒక్కడే తిరగాలి, మోకాళ్ళు అరిగిపోయాయి. కనిపించింది రాస్తాను, కనిపించనిది రాయను అంటాడు, అదే అతని ధర్మం. వరస చివర నిలబడి కళ్ళమీద చెయ్యి పెట్టి చూశాడు. ఎటు చూసినా పచ్చగా ఉంది. బాగుందమ్మా అని కాగితం తీశాడు. గట్టు మీద మిలిసావ్ చేతులు కట్టుకుని నిలబడి, పిల్లకి మంచి సంబంధం కుదిర్చినవాడిలా నవ్వుతున్నాడు.

"రాయకండి" అంది రాదోయ్కా. "ఈ తోటలో రోగముంది."

"నాకేం కనిపించట్లేదే."

"నిన్న సాయంత్రం వరకూ కనిపించింది. ఇప్పుడు కనిపించకుండా చేశారు. చేసినవాళ్ళు నా మంచి కోరేవాళ్ళే, వాళ్ళ పేర్లు అడక్కండి. తీగలు నేను చూపిస్తాను."

తిహోమిర్ కాగితం మడిచాడు. అతనికి ఆకు కోత సంగతి తెలియకపోలేదు. గొంతు తగ్గించి, నేను నమూనా తీస్తే సంగతి నా చేతుల్లో ఉండదు, అయిదింట ఒక తీగ దాటితే తోట మొత్తం పీకాలి, చుట్టుపక్కల తోటలన్నీ చూడాలి, ఇంకోసారి ఆలోచించుకోండి అని నచ్చజెప్పాడు. చెప్పేటప్పుడు గట్టు వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. నేను కూడా ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. చేతిలో కొరివి పెట్టుకుని తల గోక్కునేవాళ్ళని చూస్తే ఎవరైనా లాగుతారు.

"కుమా" అన్నాడు మిలిసావ్. అంతే అన్నాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఏదో పొరపాటు పడుతోంది, తట్టి చెబితే సరిపోతుంది అన్నట్టు.

ఆమె అతని వైపు చూసే చెప్పింది. "ఆ చీటీ మీద ఉన్నది నా నంబరు. అది అబద్ధం ఆడితే నేను ఆడినట్టే. తీయండి నమూనాలు."

తీశాడు. పరీక్ష ఫలితాలు వచ్చాక తెలిసింది, ఆమె దారం కట్టని తీగల్లో కూడా రోగం ఉంది. ఇవి బంగారంలాంటి తీగలు అని ఆమె ఒట్టేసిన వరస మొత్తం పోయింది. తోటంతా పీకాలన్నారు. మిలిసావ్ తోట అంతకన్నా అధ్వాన్నం. ఇంకో నాలుగు ఇళ్ళ తోటలకి కూడా నోటీసులు వచ్చాయి. ఆ శీతాకాలం ఊళ్ళో సగం ఇళ్ళకి అతకడానికి పుల్లలు లేవు.

తరవాత ఊరు ఆమెని ఏమందో చెప్పను. నా నోరు మంచిది కాదు గానీ అంత చెడ్డదీ కాదు. ఆమె ఎవరి పేరూ చెప్పలేదు, అయినా గుమ్మడికాయల దొంగ అంటే అందరూ భుజాలు తడుముకున్నారు. దుకాణంలోకి ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. ఆమె కావాలనే ఎక్కువసేపు నిలబడేది. రొట్టె ఒక్కటే కొనుక్కోవడానికి వచ్చి, అరలో ఉన్న ప్రతి డబ్బా మీదా రాసింది చదివేది. నా పంతం నాది అన్నట్టు. దుకాణంవాడికి చెమటలు పట్టేవి.

సావ్కా నాతో ఒకసారి అంది: "అదే మాట ఇంట్లో చెప్పొచ్చుగా విదోసవా. మా ఆయన ముఖం మీదే, సర్కారు మనిషి ముందే చెప్పాలా?" వెళ్ళి అదే మాట రాదోయ్కాని అడిగాను. ఇంట్లో చెబితే కాదనలేకపోయేదాన్ని అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె ఏడ్చింది. బయటివాళ్ళెవరూ చూడలేదు కాబట్టి నేనిక్కడ చెబుతున్నాను, రాయిలాంటి మనిషి అని దుకాణం ముందు అనుకునేవాళ్ళ కోసం.

నవంబరులో ఆమె ఇంటి స్లావా వచ్చింది, ఇంటి దేవదూత పండగ. ఆ పండగకి ఎవరినీ పిలవరు, పిలవకుండానే రావాలి, కుమ్ అందరికన్నా ముందు రావాలి. ఆమె ఎప్పటిలాగే గోధుమ ప్రసాదం వండింది, పందిమాంసం కాల్చింది, రొట్టె మీద పిండితో ద్రాక్షగుత్తి చేసింది, కొవ్వొత్తి వెలిగించి తలుపు బార్లా తీసి కూర్చుంది. చర్చి ఫాదరు వచ్చాడు, ఆయన రాక తప్పదు. నేను వెళ్ళాను. వెళ్ళడం గొప్పేం కాదు, ఆమె చేతి మాంసం నాకిష్టం. కూతురు ల్యుబింకా క్రాగుయెవాత్స్ పట్నం నుంచి వచ్చింది, రెండో బిడ్డకి సెలవు దొరకలేదు. ఇంకెవరూ రాలేదు. పిలవని పండగకి ఎందుకు రాలేదని అడగడానికి కూడా వీల్లేదు. కూతురు తలుపు వేద్దామంది, చలి పెడుతోందని. "కొవ్వొత్తి ఉన్నంతసేపూ తలుపు తీసే ఉంటుంది. రానివాళ్ళకి సిగ్గుండాలి, నాకెందుకు" అంది. కోటు వేసుకుని కూర్చుని తిన్నాం. మిలిసావ్ కుర్చీ బల్ల మొదట్లో అలాగే ఖాళీగా ఉంది.

పండగ అయిన వారంలోనే ఆమె తన తోట పీకించింది. కూలివాళ్ళు రాలేదు, మేనల్లుడి ట్రాక్టరు తెచ్చుకుంది. నేనూ ల్యుబింకా మోశాం. తీగలు కుప్పలు పోసి తగలబెట్టింది. ఆ పొగ రెండు రోజులు ఊళ్ళో ఉంది, ఉతికిన బట్టలు కంపుకొడుతున్నాయని మళ్ళీ తిట్టారు.

మిలిసావ్ మాత్రం పీకలేదు. తోట గేటుకి తాళం వేశాడు. ఆ తీగలు తండ్రి చెదోమిర్ నాటినవి. నా తోటలో రోగం లేదు, వానలు లేక ఆకు మారింది, సర్కారుకి ద్రాక్ష గురించి ఏం తెలుసు అని అందరితో అన్నాడు, అందరూ అవునన్నారు. అవునన్నవాళ్ళు తమ తోటలు మాత్రం చప్పుడు చేయకుండా పీకేసుకున్నారు. అది కూడా మా ఊరి ఆచారమే.

తిహోమిర్ రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. రెండోసారి రాదోయ్కా ఇంటి ముందు కారు ఆపి, నెలాఖరులోగా పీకకపోతే మీ కుమ్ పేరు నర్సరీల జాబితాలోంచి కొట్టేస్తారు, ఇక ఎప్పటికీ లైసెన్సు ఇవ్వరు, ఆయన వినట్లేదు అన్నాడు. అతను ఈవిడతో ఎందుకు చెప్పాడో నాకు తెలియదు. కుమ్ కాబట్టి అయ్యుండొచ్చు. మిలిసావ్‌కి అంట్లు తప్ప ఇంకో పని రాదు. పడవ లేని జాలరిని ఊహించుకోండి, అలా ఉంటుంది అతని బతుకు.

మర్నాడు పొద్దున్నే ఆమె ట్రాక్టరు ఎక్కింది. నన్ను గొలుసు పట్టుకోమంది. వాళ్ళ రెండు తోటల మధ్య గట్టుకి ఇటు వైపు ఇప్పుడు ఉత్త మట్టి కదా, తాళం వేసిన గేటుతో పనేముంది. ఆ మట్టి మీదుగా నడిపి, గట్టు దగ్గర ఆపింది. మిలిసావ్ తేనె పెట్టెల మధ్య నుంచి వచ్చాడు. సావ్కా వెనకే వచ్చింది. దారిన పోయే ఇద్దరు ముగ్గురు రోడ్డు పక్క కంచె దగ్గర ఆగారు. ఊళ్ళో కబురు ట్రాక్టరు కన్నా వేగంగా పోతుంది, కాసేపట్లో కంచె నిండిపోయింది.

సెప్టెంబరు తరవాత అతను ఆమెతో మొదటిసారి మాట్లాడాడు. గొంతు పెంచలేదు. "ఆ గట్టు దాటావంటే మన చుట్టరికం ఇక్కడితో తెగినట్టే."

"ఈ చుట్టరికం నువ్వు కట్టింది కాదు, నువ్వు తెంపేదీ కాదు" అంది రాదోయ్కా. "మీ నాన్న కట్టాడు. తెంపాలంటే వెళ్ళి ఆయన్ని లేపుకురా. అందాకా నేను నీ కుమానే. నీ లైసెన్సు పోతుంటే చూస్తూ కూర్చోను. తిడితే తిట్టుకో, ట్రాక్టరు చప్పుడులో నాకు వినబడదు."

గట్టు దాటింది.

కంచె దగ్గర ఎవరో ఛీ అన్నారు. ఆమె అటు తిరిగి, చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు లోపలికి వచ్చి మోయొచ్చు, నోళ్ళు ఖాళీగా ఉన్నవాళ్ళు ఇళ్ళకి పోవచ్చు అంది. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. మిలిసావ్ అడ్డం వస్తాడనుకున్నాను. రాలేదు. తేనె పెట్టె మీద కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని. సావ్కా అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

మొదటి తీగకి గొలుసు కట్టింది నేను. నాకు నడుం వంగదు, అందుకని మొదలుకి పైనే, చెయ్యి అందిన చోట కట్టాను. రాదోయ్కా ట్రాక్టరు ముందుకి పోనిచ్చింది. తీగ కిర్రుమని వంగి, నేలకి జానెడు పైన పుటుక్కున విరిగింది. రెండోది కూడా అంతే. ఆమె దిగి వచ్చి, విరిగిన మొదలుని చేత్తో నిమిరి, మళ్ళీ ఎక్కింది. చెదోమిర్ నాటిన తీగలు కదా. ఆమె పెళ్ళిలో పోసిన ద్రాక్షసారా వీటిదే.

నేను మూడో తీగకి గొలుసు చుడుతుంటే మిలిసావ్ లేచాడు. ఆమె వైపు చూడకుండా నా దగ్గరికి వచ్చాడు.

"విదోసవా, అలా కాదు. మట్టి తీసి వేరుకి కట్టు. పైన విరిగితే కింద మిగిలిన వేరు మళ్ళీ చిగురేస్తుంది. ఆ చిగురులో మళ్ళీ ఇదే రోగం."

రోగం అన్నాడు. వానలు లేక అనలేదు. కంచె దగ్గరివాళ్ళు విన్నారు, ట్రాక్టరు చప్పుడులో కూడా రాదోయ్కా విన్నది, నాకు ఆమె వీపు చూస్తే తెలిసింది.

అతను పార తెచ్చి, విరిగిన ఆ రెండు మొదళ్ళ చుట్టూ ముందు తవ్వాడు. వేళ్ళు బయటపడ్డాక గొలుసు తనే కట్టి, చెయ్యి ఎత్తి, పోనియ్యమని సైగ చేశాడు. చీకటి పడేదాకా అతను మట్టి తీస్తూనే ఉన్నాడు, ఆమె లాగుతూనే ఉంది.